మంచం కింది బొంత

ఆ ప్లేటు మీద పెరిగినదాన్ని మొదట చూసింది నేను. దాని పేరు మొదట పైకి పలికింది ఆమె.

నా డైరీలో ఆమెకు పేరు లేదు. 'ఆమె' అని రాసుకుంటే చాలు, ఎవరి గురించో నాకు తెలుస్తుంది. ఇక్కడా అలాగే రాస్తాను. ఆమె, నేను జనగామలో ఒకే ల్యాబులో, ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని పనిచేసే టెక్నీషియన్లం. ఇద్దరిదీ ఒకే వయసు. ఆమెది జనగామే. నాది నెల్లికుదురు దగ్గర ఒక లంబాడీ తండా. ఇక్కడ అద్దె గదిలో ఉంటాను. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో తలా ఒక చిన్న ఆస్పత్రి నడుపుతున్న ముగ్గురు డాక్టర్లు కలిసి పెట్టుకున్న ల్యాబు అది. మూడు ఊళ్ళ నుంచీ రక్తం, మూత్రం, చీము సీసాల్లో మా దగ్గరికి వస్తాయి. అందులో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో మేం చూసి చెప్పాలి. మా పైన మైక్రోబయాలజిస్టు మేడమ్ ఉంటుంది. గుంటూరు వైపు మనిషి.

ఆ ప్లేటు మహబూబాబాద్ ఐసీయూలో ఉన్న ఒక మిర్చి రైతు రక్తానిది. పేగు ఆపరేషనై కోలుకుంటున్న మనిషికి జ్వరం తిరగబెట్టింది. ప్లేటు మీద మీగడ చుక్కల్లా ఈస్టు పెరిగింది. ఈస్టు కొత్త వస్తువేమీ కాదు. కల్లును పులిపించేదీ, బ్రెడ్డును పొంగించేదీ ఆ జాతే. కానీ దానిలో కొన్ని రకాలు నెత్తుట్లోకి దిగితే మనిషిని లేవనీయవు. ఏ రకమో గుర్తుపట్టే మా కిట్టు దానికి ఒక పేరు చెప్పింది. ఆ పేరు నాకు నమ్మబుద్ధి కాలేదు. మామూలుగా వాడే మందు బిళ్లను ప్లేటు మీద పెడితే, మందుకు లొంగే ఈస్టయితే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం మిగులుతుంది. ఇక్కడ బిళ్ల అంచును ఒరుసుకుని మరీ పెరిగింది. ఇంకో ప్లేటును రోహిణి కార్తె ఎండంత వేడిలో పెట్టి చూశాను. కిట్టు చెప్పిన రకమైతే ఆ వేడికి పెరగకూడదు. ఇది హాయిగా పెరిగింది.

అలాంటి ఈస్టు గురించి నేను చదివి ఉన్నాను. గదిలో ఎవరికీ చెప్పకుండా నవలలు చదివినట్టే, వైద్య పత్రికల్లో వచ్చే వ్యాసాలను కూడా ఫోన్లో చదువుతుంటాను. కాండిడా ఆరిస్ అని దాని పేరు. మామూలు మందులకు లొంగదు. చిన్న కిట్లను ఏమార్చి తన పేరుకు బదులు చుట్టాల పేరు చెప్పిస్తుంది. ఏ జబ్బూ చేయకుండా మనిషి చంకలో, గజ్జలో ఊరికే కూర్చుని ఉంటుంది. మంచాల మీదా గుడ్డల మీదా వారాల తరబడి బతికి, పక్కవాడి మీదికి పాకుతుంది. పక్కవాడు బలహీనంగా ఉంటే అతని రక్తంలోకి దిగుతుంది.

“గిది ఆరిస్ లెక్క ఉన్నది. కిట్టు తప్పు చెప్తున్నదేమో” అన్నాను ఆమెతో, బల్ల మీదికి వంగి.

“మరి మేడంకు చెప్పరాదు?”

“జర ఆగు, ఇంకోసారి చూస్త.”

ఆమె ఆగలేదు. అప్పుడే లోపలికి వస్తున్న మేడమ్‌కు గుమ్మం దగ్గరే ఎదురెళ్ళింది. “మేడం, మహబూబాబాద్ ప్లేటు ఆరిస్ అని మాకు డౌటు!”

'మాకు' అంది. నేను విన్నాను. మేడమ్ వినలేదు.

“అబ్బ, భలే పట్టావే! ఇలాంటిది మన దగ్గర దొరకడమంటే మాటలు కాదు” అని ఆమె భుజం తట్టింది మేడమ్. ఆ చెయ్యి తట్టిన చోటు నాకు ఇప్పటికీ గుర్తే. ఎడమ భుజం. నా భుజమే నొప్పి పుట్టినట్టు గుర్తు.

ఆ ఈస్టును హైదరాబాదులో పెద్ద యంత్రమున్న ల్యాబుకు పంపించాం. ఆరిసే అని ఖాయమై వచ్చింది. మహబూబాబాద్ డాక్టరుకు ఫోన్ చేసి, ఈ మందు ఆపి మేడమ్ చెప్పిన ఇంజెక్షన్ మొదలుపెట్టమని చెప్పింది కూడా ఆమే. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, “కల్లు ముంతల ఉండేది ఐసీయూల ఏం జేస్తున్నదే పిల్లా?” అంది. ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వొచ్చే మాటే మరి. అదే నా బాధ.

తర్వాతి సోమవారం మేడమ్ మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. “మూడు ఆస్పత్రులూ తిరిగే మనిషి ఒకరు కావాలమ్మా. ఐసీయూలో చేరిన ప్రతివాళ్ళ చంకలో, గజ్జలో దూది పుల్లతో నమూనా తియ్యాలి, ఇది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో ఆరా తియ్యాలి. డాక్టర్లు ఒప్పుకున్నారు. మీ ఇద్దరిలో ఒకరిని వేస్తాం. ఈ కేసు తేలనివ్వండి, చూద్దాం.”

బయటికొచ్చాక ఆమె నా జడ పట్టుకుని లాగింది. “ఇగ నువ్వు ప్లేట్లు చూస్కో, నేను ఊర్లు చూస్కుంట. ఎట్లైనా నీకు మనుషులంటే భయమే కదా!”

దురుద్దేశం లేదు. పప్పులో నీకు ఉప్పు తక్కువ కావాలి కదా అన్నంత మామూలుగా అంది. ఆ క్షణం దాకా ఆ పని నాకు కావాలో వద్దో నాకే తెలియదు. ఆ మాట విన్నాక అది నాకు తప్ప ఎవరికీ దక్కకూడదనిపించింది. ఇన్నాళ్ళూ ప్లేట్ల మీద చుక్కలుగా చూసినవన్నీ ఎవరెవరి ఒంట్లోంచి వచ్చాయో ఆమె వెళ్ళి చూసొచ్చి, బల్లకు అవతల కూర్చుని నాకు కథలు చెప్పడం, నేను తలూపడం ఊహించుకున్నాను. ఆ రాత్రి డైరీలో ఆ ఊహనే రాసి, చదువుకుని, కొట్టేశాను.

ఆమె మీద నా అసూయ ఈ పనితో పుట్టింది కాదు. అంతకుముందు ఒకసారి నా సంచీలో ఉన్న నవల చూసి, “గిదేందే, ఇస్తవా?” అని తీసుకుపోయింది. నేను ఎన్నోసార్లు చదివిన పుస్తకం అది. దాని గురించి ఇంకొకరితో మాట్లాడాలని ఉండేది, ఎవరూ దొరికేవారు కాదు. ఆమె మర్నాడే తిరిగి తెచ్చిచ్చి, టిఫిన్ డబ్బా మూత తీస్తూ అంది: “కథంత పెద్ద బిడ్డది అనుకుంటం గని, అసలు బాధ చిన్నదానిదే. దాన్ని ఎవ్వరు ఒక్క మాట కూడ అడగరు సూడు.” నేను అన్నిసార్లు చదివీ ఆ సంగతి చూడలేదు. ఆ సాయంత్రం గదికి వెళ్ళి పుస్తకం తెరిస్తే, ప్రతి పేజీలో ఆ చిన్న బిడ్డే కనిపించింది. అది నా పుస్తకం కాకుండా పోయింది.

మహబూబాబాద్‌కు ఇద్దరం కలిసి రైల్లో వెళ్ళాం. కాజీపేట దాటేలోపు పెట్టెలో సగం మంది ఆమెకు చుట్టాలైపోయారు. ఒకావిడ జామకాయలిచ్చింది, ఇంకొకాయన తన కొడుక్కి ఏ కోర్సు మంచిదో అడిగాడు. నేను కిటికీ పక్కన కూర్చుని పుస్తకంలో తల దూర్చాను. ఒక్క పేజీ కూడా తిరగలేదు.

ఐసీయూలో మిర్చి రైతుకు కొత్త ఇంజెక్షన్ పడుతోంది, జ్వరం దిగుతోంది. మంచాల కడ్డీలు, బీపీ చూసే పట్టీలు, సెలైన్ స్టాండ్లు, అన్నిటి మీదా నమూనాలు తీశాం. పక్క మంచం మీదున్న మనిషి చంకలోనూ తీశాం. ఆ తర్వాత నర్సులు ఆమెను తమ గదిలోకి లాక్కుపోయారు. లోపల్నుంచి నవ్వులు. “అక్కా, ఇంకో జోకు, ఇంకో జోకు!” నన్నూ రమ్మన్నారు గానీ, నేను వెళ్తే ఆ నవ్వు ఒక క్షణం ఆగుతుందని నాకు తెలుసు. వరండాలో బెంచీ దగ్గర నిలబడ్డాను.

బెంచీ మీద రైతు భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో పాత చీరలతో కుట్టిన బొంత. అంచు చుట్టూ ఎర్ర దారంతో పక్కపక్కన వరుసలు, మూలల్లో చిన్న అద్దాలు, వాటిలో ఒకటి పగిలింది. ఆ కుట్టు ఏ తండాలో చూసినా ఇట్టే గుర్తుపడతాను. మా అమ్మ చేతికుట్టు కూడా అదే. ఆవిడ మా మనిషని తెలిసింది. పలకరించలేదు. ల్యాబు కోటు వేసుకున్నప్పుడు నేను మా భాష మాట్లాడను. ఎవరూ వద్దని చెప్పలేదు, నాకే నోరు రాదు.

జనగామకు వచ్చాక ప్లేట్లన్నీ వేడిలో పెట్టాం. రెండో రోజుకే ఆమె, “ఏం లేదు పిల్లా, అన్ని సాఫు. పడేద్దామా?” అంది. నేను ఉంచమన్నాను. ఈ ఈస్టు ఒక్కోసారి ఆలస్యంగా లేస్తుంది. కడ్డీల ప్లేట్లు, పట్టీల ప్లేట్లు ఖాళీగానే మిగిలాయి. పక్క మంచం మనిషి చంక తాలూకు ప్లేటు మీద మాత్రం వారం చివర్లో చుక్కలు లేచాయి. మేడమ్ వాటిని చూసి, “ఉంచమన్నదెవరు?” అని అడిగింది. “గీమెనే మేడం” అని ఆమె నన్ను చూపించింది. మేడమ్ తలూపి వెళ్ళిపోయింది. నా భుజం ఎవరూ తట్టలేదు.

ఆలోగా మిర్చి రైతు కోలుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక సద్దుమణిగిందని అనుకుంటుండగా భూపాలపల్లి నుంచి రక్తం సీసా వచ్చింది. బొగ్గు లారీల దగ్గర కాంట్రాక్టు కూలీ. రోడ్డు ప్రమాదంలో కాలు నుజ్జయి ఐసీయూలో ఉన్నాడు. ప్లేటు మీద అవే మీగడ చుక్కలు. బిళ్ల చుట్టూ వలయం లేదు.

అక్కడికీ ఇక్కడికీ ఏం సంబంధం? అతను ఎన్నడూ మహబూబాబాద్ ఆస్పత్రి గడప తొక్కలేదు. ఇద్దరినీ చూసిన డాక్టరు ఒకరు కాదు, అంబులెన్సు ఒకటి కాదు, ఆ ఆస్పత్రి సామానేదీ ఈ ఆస్పత్రికి రాలేదు. ఆమె పొద్దంతా ఫోన్లోనే ఉంది. నర్సులు, వార్డు బాయ్‌లు, అంబులెన్సు డ్రైవర్లు, అందరూ ఆమెకు తెలుసు, అందరూ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఏమీ దొరకలేదు. ఫోన్ పక్కన పెట్టి, “పరేషాన్ జేస్తున్నదే ఇది” అని నుదురు పట్టుకుంది. ఆమెకు దొరకనందుకు నాకు సంతోషం. ఆ కూలీకి జ్వరం దిగనందుకు భయం. రెండూ ఒకే కడుపులో ఎలా సర్దుకున్నాయో తెలియదు, సర్దుకున్నాయి.

మేడమ్ కారులో ముగ్గురం భూపాలపల్లి వెళ్ళాం. ఆ వార్డు సిస్టరు ఆమెను ఫోన్లో మాత్రమే ఎరుగును, అయినా చూడగానే కావలించుకుంది. “నువ్వేనా గా నవ్విచ్చే పిల్లవు!” అంది. నేను వెనక దూది పుల్లల పెట్టె పట్టుకుని నిలబడ్డాను.

కూలీ మంచం దగ్గర అతని తల్లి ఉంది. ముసలామె. చేతులకు మోచేతుల దాకా తెల్ల గాజులు. ఘనపూర్ వైపు తండా అని సిస్టరు చెప్పింది. ఆమె ముసలమ్మ పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకుని, మహబూబాబాద్‌ను ఊళ్ళలో పిలిచే పాత పేరుతో అడిగింది.

“అవ్వా, నీ కొడుకును సూసెతందుకు మానుకోట దిక్కు నుంచి ఎవరన్న వచ్చిన్రా?”

“ఎవ్వరు రాలే బిడ్డా. గంత దూరం నుంచి ఎవరొస్తరు?”

“మందులు గిట్ల ఎవరన్న పంపిన్రా? పసరు, కట్టు, అసొంటివి?”

“ఏం లేదు బిడ్డా. మీ మందులే.”

ముసలమ్మ నవ్వుతూనే చెప్పింది. అబద్ధమూ చెప్పలేదు. ఆమె లేచి మేడమ్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా కళ్ళు మంచం కిందికి పోయాయి. చిన్న మూట. మూట లోంచి బయటికొచ్చిన అంచు మీద ఎర్ర దారం వరుసలు, మూలన ఒక అద్దం పగిలి ఉంది. మహబూబాబాద్ వరండాలో నేను అంతసేపు తేరిపార చూసిన బొంత. ఆ రోజు లోపల నవ్వులు వినకూడదని దాని అద్దాలు లెక్కపెడుతూ నిలబడ్డాను కాబట్టి, పగిలిన అద్దం నాకు బాగా గుర్తు.

చెప్పాల్సింది మేడమ్‌కు. కానీ బొంత మంచం కింద ఎందుకుందో, అది ఇక్కడికి ఎలా వచ్చి ఉంటుందో నాకు ఒక్కసారిగా అర్థమైంది. మా తండాల్లో ఒక పద్ధతుంది. పెద్ద జబ్బు చేసిన మనిషి ఏ బొంత కప్పుకుని లేచి తిరిగాడో, ఆ బొంతను ఇంట్లో ఉంచుకోరు. చుట్టాల్లో జబ్బుపడ్డ ఇంకొకరికి ఇస్తారు. మధ్యలో ఉతకరు. ఉతికితే దానికి కలిసొచ్చింది కొట్టుకుపోతుందని నమ్మకం. చిన్నప్పుడు నాకు కామెర్లు వచ్చినప్పుడు మా అమ్మ ఎవరింటి నుంచో అలాంటి బొంత తెచ్చి కప్పింది. వేరే ఎవరి తలనూనో దానికి అంటి ఉండేది. ఆ వాసన మధ్యే నాకు జ్వరం తగ్గింది.

ఆ సంగతి తెలుగులో అడిగితే ముసలమ్మ లేదంటుంది. ఊరివాళ్ళు నవ్వుతారని అలాంటివి మావాళ్ళు బయట చెప్పరు. మా భాషలోనే అడగాలి. మేడమ్ ముందు, సిస్టరు ముందు, అన్నిటికన్నా ముఖ్యంగా ఆమె ముందు. ఆమెకు రానిది నాకు వచ్చు, అది చూపించే సమయం ఇదే అన్న దురాశే నన్ను ముందుకు తోసిందని రాస్తే డైరీకి నిజం రాసినట్టు.

మోకాళ్ళ మీద కూర్చుని, “యాడీ” అన్నాను. మా భాషలో అమ్మ అని. తర్వాత, ఆ బొంత కప్పుకుని లేచింది ఎవరని అడిగాను.

ముసలమ్మ నన్ను తల నుంచి పాదాల దాకా చూసింది. ఆ తర్వాత మేం మాట్లాడుకున్నదంతా మా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“మన మాట వస్తదా నీకు? మరి వచ్చినప్పటి సంది మూగదాని లెక్క నిలబడ్డవేంది? ఏ తండా? ఎవరి బిడ్డవు?”

చెప్పాను. మా అమ్మమ్మ పుట్టిల్లు తనకు తెలుసంది. మా తాత పిసినారి అని కూడా అంది. అప్పుడు గానీ అసలు విషయానికి రాలేదు.

“మా చెల్లె మొగనిది. పేగులు కోసి కుట్టిన్రు. బతకడు అన్నరు. గీ బొంత కప్పుకొని లేచి, నడుసుకుంట ఇంటికి పోయిండు. నా కొడుకు కాలు ఇరిగిందని తెల్వంగనే నేనే పోయి అడిగి తెచ్చిన.”

“ఉతికినవా?”

“ఉతికితే ఇంకేం బొంత? పిచ్చిదానా!”

పగలు డాక్టరు వచ్చే వేళకు ముసలమ్మ దాన్ని మంచం కిందికి తోస్తుంది. సిస్టరు అరుస్తుందని. రాత్రి ఏసీ చలికి కొడుక్కి కప్పుతుంది. మహబూబాబాద్‌లో కూడా అంతేనట. అక్కడ పక్క మంచం వాళ్ళకు కప్పుకోను ఏమీ లేకపోతే, చెల్లెలు జాలిపడి కొన్ని రాత్రులు వాళ్ళకూ ఇచ్చిందట. ఆస్పత్రి సామానంతా మేం గీకి చూశాం. ఈ బొంత ఆస్పత్రిది కాదు, అందుకే ఎవరి కంటా పడలేదు.

నేను లేచి మేడమ్‌కు చెప్పాను. మేడమ్ నోరు తెరుచుకుని వింది. ఆమె మాత్రం నా వైపు కాకుండా బొంత వైపు చూస్తూ, “అయ్యో, నేను 'వచ్చిన్రా' అని అడిగిన. 'నువ్వు పోయినవా' అని అడగలే” అంది మెల్లగా.

దూది పుల్లతో బొంత మీద నమూనాలు తీశాం. అవి తర్వాత పెరిగాయి, అవే చుక్కలు. కానీ అప్పటికప్పుడు బొంతను అక్కడి నుంచి తియ్యాలి. సిస్టరు కాల్చేద్దామంది. ఆ మాట మెల్లగానే అన్నా ముసలమ్మకు వినిపించింది. బొంతను గుండెకు హత్తుకుని, కాలిస్తే నా కొడుకు ఉండడని ఏడ్చింది. నేను బతిమాలాను. కంటికి కనిపించని చెడు దానికి అంటుకుందని, తప్పు నీదీ కాదు, బొంతదీ కాదని చెప్పాను. చివరికి ముసలమ్మే ఒక ఒప్పందం చేసింది. కాల్చకూడదు. సంచిలో మూతి బిగించి, కొడుకు మంచం మీద నుంచి చూస్తే కనిపించేలా కిటికీ అవతల వేలాడదియ్యాలి. కొడుకు లేచాక మీ మందునీళ్ళలో ఉతుక్కోండి అంది. సిస్టరు ఏడవలేక నవ్వింది గానీ, అలాగే కట్టించింది. కూలీకి మందు మార్చారు. కొన్నాళ్ళకు జ్వరం దిగింది. బ్లీచింగ్ నీళ్ళలో ఉతికాక బొంత ఎరుపంతా వెలిసిపోయిందని ముసలమ్మ నన్ను ఫోన్లో తిట్టింది. మా తాత పిసినారితనం మళ్ళీ తవ్వింది.

జనగామలో ముగ్గురు డాక్టర్ల ముందు ఈ కేసు చెప్పే రోజు వచ్చింది. ఆ రోజే తిరిగే పని ఎవరికో తేలుతుంది. మేడమ్ ఆమెను మాట్లాడమంది. ఆమె లేచి, తడుముకోకుండా, బొమ్మ గీసి చూపించినట్టు చెప్పింది. మొదటి ప్లేటు చూసింది నేనని చెప్పింది. ప్లేట్లు పడేయకుండా ఉంచింది నేనని చెప్పింది. బొంత సంగతి పట్టుకుంది నేనని, తను ముసలమ్మను తప్పు ప్రశ్న అడిగానని కూడా చెప్పి అందరినీ నవ్వించింది.

అందరూ నా వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. సంతోషించాల్సింది. కానీ నా గొప్ప కూడా ఆమె నోటి నుంచే అంత అందంగా వచ్చింది. నేనే చెప్పుకుని ఉంటే సగం కూడా ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆమె నాకు ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది. ఇక ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అసూయ మాత్రం అలాగే ఉంది, కాళ్ళు తెగి కూర్చున్నట్టు.

భూపాలపల్లి డాక్టరు నన్ను అడిగాడు. “మరి ఇంకో బొంత రాకుండ ఏం చెయ్యాల్నమ్మా?”

లేచి నిలబడ్డాను. “వద్దంటే దాస్తరు సార్” అన్నాను.

“జర గట్టిగ చెప్పు.”

“వద్దంటే దాస్తరు సార్. ఏసీ చలికి మనమే దుప్పటియ్యాలె. వాళ్ళు తెచ్చింది ఉంటే, చేరినప్పుడే తీసుకొని, వాళ్ళ ముంగట్నే సంచిల కట్టి, పోయేటప్పుడు ఉతికి ఇయ్యాలె. అరవొద్దు.” అంతే చెప్పగలిగాను. కూర్చుంటుంటే కుర్చీ కీచుమంది. నా జన్మలో అంతమంది ముందు అంతసేపు మాట్లాడలేదు.

మర్నాడు మేడమ్ పిలిచి పని నాకిచ్చామంది. నమ్మలేక, ఆమె కదా బాగా మాట్లాడేది అన్నాను. “మాటలదేముందమ్మా, నువ్వూ నేర్చుకుంటావు. ఆ అమ్మాయి ప్లేటు దగ్గర తొందరపడుతుంది. ఈ పనిలో తొందర పనికిరాదు” అంది మేడమ్, కాగితాల మీద నుంచి తల ఎత్తకుండానే.

బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి ఆమెకు తెలిసిపోయింది. “మంచిదే పిల్లా” అంది. నా జడ లాగలేదు. ఆ రోజు జోకులు లేవు. మర్నాడూ లేవు. టిఫిన్ డబ్బా తన దగ్గరే పెట్టుకుని తింది. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నన్ను చూసి ఒకరు అసూయపడటం నా బతుకులో అదే మొదటిసారి. అది ఆమె కావడం! ఆ రెండు రోజులూ నేను చాలా బాగా పనిచేశాను. మూడో రోజు ఆమె మామూలుగా వచ్చి నా డబ్బాలోంచి చింతకాయ తొక్కు తీసుకుంది. నాకు కొంచెం నిరాశ కలిగింది. ఇంకొన్నాళ్ళు ఉంటుందనుకున్నాను.

ఒంటరిగా మొదట వెళ్ళింది భూపాలపల్లికే. హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వెళ్ళేసరికి ఎండ ముదిరింది. వార్డు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. సిస్టరు తల ఎత్తి, నా వెనక్కి చూసింది.

“గా పిల్ల రాలేదా?”

“లేదు సిస్టర్. ఇకనుంచి నేనే వస్త.”

“ఏందీ?”

“నేనే వస్త. ప్రతి వారం.”

“అట్లనా. మంచిదే. ఆమె ఉంటే మస్తు నవ్విస్తుండె.” సిస్టరు లేచి చాయ్ తెప్పించింది. నన్ను కూర్చోబెట్టి, కొత్తగా చేరినవాళ్ళు ఎవరో, ఎవరెవరు ఏ సామాను తెచ్చుకున్నారో వివరంగా చెప్పింది. మంచి మనిషి. అంతా అయ్యాక ఫోన్ తీసి, “ఆమె కొత్త నంబరు జర ఇయ్యవా? పాతది కలుస్తలేదు. మా బిడ్డ పెండ్లికి పిలవాలె” అంది.

నన్ను పిలవలేదు. ఇంకా పిలుస్తుందేమో, నాకు తెలియదు. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. చెప్పడం మొదలుపెట్టాను. చివర్లో ఒక అంకె మార్చి చెప్పాలని నాలుక మీదికి వచ్చింది. మార్చలేదు. సరిగ్గానే చెప్పాను. సిస్టరు అది నొక్కి, చెవి దగ్గర పెట్టుకుంది. అవతల నుంచి ఆమె నవ్వు నాకు కూడా వినిపించింది. నేను లేచి, చేతులు కడుక్కుని, దూది పుల్లల పెట్టె తీసుకుని మొదటి మంచం దగ్గరికి వెళ్ళాను.